డిగ్రీ లేని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ

పల్లెల్లో గిజిగాని గూడు ఎరుగనివారు లేరు. ఆ గూటి వెనుక కాపురం కథ లోకానికి తెలిపిన సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు గతించగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. బాల్యంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అది ఏ పిట్టో తెలుసుకొనేందుకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది.

డిగ్రీ లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే శాఖలో ఉద్యోగం రాలేదు. మ్యూజియంలో గైడుగా చేరారు. జర్మనీలో పక్షి శాస్త్రం నేర్చుకొని 1930లో తిరిగి వచ్చేసరికి ఆ కొలువు కూడా పోయింది.

భార్య తెహ్మీనాతో కలిసి బొంబాయికి సమీపాన సముద్రతీరంలో గల కిహిం గ్రామం చేరారు. ఆ వానాకాలంలో గిజిగాళ్లను ఓపికగా గమనించారు. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లిన గూడును ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే కాపురం. ఆ గూడు పూర్తికాగానే మగపిట్ట మరో జోడు కోసం ఇంకో గూడు మొదలుపెడుతుంది. 1931లో వెలువడిన ఈ పరిశీలన ఆయనకు పేరు తెచ్చింది.

1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపారు. 1941లో భారతదేశ పక్షులపై పుస్తకం ప్రచురించారు. 1976లో పద్మవిభూషణ్ లభించింది. డిగ్రీ లేదని ఒకనాడు కొలువు దక్కని ఆయనకు 1978లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.