కూలి లైన్లలో ఆండ్రూస్ గారు

యెహెజ్కేలు గ్రంథము 3వ అధ్యాయములో ఒక చిన్న సంగతి కలదు. ప్రవక్త కెబారు నదియొద్దనున్న చెరవారియొద్దకు వెళ్లి, నోరు తెరువకముందు ఏడు దినములు వారి నడుమ ఊరక కూర్చుండెను. సి. ఎఫ్. ఆండ్రూస్ గారి జీవితము చదువునప్పుడు ఆ ఏడు దినములే నాకు జ్ఞాపకమునకు వచ్చును.

ఆయన 1871లో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, గురుపట్టము పొంది, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్సు కాలేజీకి ఉపాధ్యాయుడుగా వచ్చెను. 1906లో ప్రిన్సిపాలు పదవికి తెల్లవారినే చూడవలెనని కొందరు తలంచగా, సుశీల్ కుమార్ రుద్ర గారే తగినవారని పట్టుపట్టి, తాను ఆయన క్రింద సంతోషముతో పనిచేసెను.

1914 జనవరిలో స్నేహితుడైన పియర్సన్ గారితో దక్షిణాఫ్రికాకు వెళ్లి, డర్బన్ రేవులో గాంధీగారి పాదములు ముట్టి నమస్కరించెను. ఇంగ్లీషు గురువు ఇండియావాని కాళ్లు ముట్టుటయా అని అక్కడి తెల్లవారు మండిపడిరి. వారిలో ఆదివారమున గుడికి పోవువారికి కొదువ లేదు. ఈ మాట మనము దాచనక్కరలేదు.

మరుసటి సంవత్సరము ఆయన కలరా తగిలి చావు అంచువరకు వెళ్లెను. సిమ్లాలో కోలుకొనుచుండగా, దెబ్బలు తిన్న ఒక కూలివాని ముఖము కన్నులయెదుట నిలిచి క్రీస్తు ముఖముగా మారెనని తరువాత చెప్పుకొనెను. 1915లోనే పియర్సన్ గారితో ఫిజీ దీవులకు ఓడ ఎక్కెను.

ఆ దీవుల చెరకు తోటలకు 1879 మొదలు 1916 వరకు 60,000 మందికి పైగా మన దేశస్థులు అయిదేండ్ల ఒప్పందముమీద పోయిరి. వారి నోట దానికి గిర్మిటు అని పేరు. 1903 మొదలు మద్రాసు రేవునుండియు ఓడలు పోయెను. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారును వాటిలో ఉండిరి.

ఆండ్రూస్ గారు బంగళాలో కాగితములు చదివి ఊరకుండలేదు. కూలి లైన్లకే వెళ్లి చూచెను. పాత లైన్లలో గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవారు, లేదా పిల్లలతో ఒక కుటుంబము. వంట, నిద్ర, కట్టెలు, పనిముట్లు అన్నియు అందులోనే. అడ్డుగోడ కప్పువరకు లేదు గనుక ప్రక్కవాని దగ్గు కూడ వినబడును. నూరుగురు మగవారికి నలుబదిమంది స్త్రీలను పంపిన చాలునని నియమము. దానివలన కాపురములు చెడెను, హత్యలు జరిగెను, ఎందరో ఉరిపోసికొనిరి. మన ఊరిలో ఒక్కడు అట్లు చచ్చిన ఏడాదంతయు చెప్పుకొందుము గదా!

1916లో వారిద్దరి నివేదిక వెలువడి దేశమంతట కలవరము పుట్టించెను. 1917లో కూలీలను కూర్చుట ఆగిపోయెను. ఆయన అంతటితో తృప్తిపడక అదే ఏట మరల ఫిజీకి వెళ్లెను. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నియు రద్దాయెను.

విశ్వాసప్రమాణముల విషయమై సందేహములు కలిగి ఆయన 1914లో గురుపట్టపు సేవ విడిచి, ఎన్నో ఏండ్లకు గాని తిరిగి చేపట్టలేదు. దానినిబట్టి ఆయనను క్రైస్తవులలో లెక్కింపనివారు కలరు. నాకు ఆ లెక్క సరిగా తోచదు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ప్రభువునందు నిద్రించెను. దీనబంధు అను పేరు ఆయనకు ఫిజీ కూలివారు పెట్టినదని చెప్పుదురు.