మా సాహెబా హయాత్ బక్షీ బేగం – ఆమె కట్టించిన సరాయి

ప్రతి ఏటా అర్ధసంవత్సర పరీక్షలు ముగియగానే మన కళాశాలలో విహారయాత్ర ప్రస్తావన మొదలవుతుంది. ఎక్కడికి పోవలెననే విషయంలో విద్యార్థులలో భేదాభిప్రాయం లేదు. 1996లో ప్రారంభమైన రామోజీ ఫిలిం సిటీకే అందరి ఓటు. చిక్కంతా ఆ తర్వాతనే వస్తున్నది. రాత్రి బస ఎక్కడ? కరీంనగర్ నుండి తెల్లవారుజామున బయలుదేరినా, అక్కడి వింతలన్నీ చూచి అదే రాత్రి తిరిగి రావడం పిల్లలకు, డ్రైవరుకు కూడా శ్రమ. అందువల్ల యాత్రాసంఘం సమావేశంలో చూడవలసిన దృశ్యాలకంటె పడుకోవలసిన గదులను గురించిన చర్చయే ఎక్కువసేపు సాగుతుంది.

కొన్నేండ్ల క్రిందట మేము ఈ విషయంలో పొరబడినాము. ఫోనులో మాట్లాడి, అద్దె తక్కువని సంతోషించి, రహదారి ప్రక్కన ఒక లాడ్జిని కుదుర్చుకొన్నాము. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. రాత్రి తొమ్మిది గంటలకు బస్సు దిగి చూస్తే క్రింది అంతస్తులో మద్యశాల ఉన్నది. పై అంతస్తులో రెండు గదుల తలుపులకు గడియలు లేవు. మాతో వచ్చిన అధ్యాపకురాలు ఆ రాత్రి వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు, మేము మెట్ల దగ్గర కూర్చున్నాము. ఏ ప్రమాదమూ జరగలేదు. కాని మరుసటి ఏడు యాత్ర జాబితాలో బాలికల పేర్లు సగానికి తగ్గినవి. తండ్రులు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. పేర్లు మాత్రం ఇవ్వలేదు.

అప్పటి నుండి బస అనే మాట వినబడినప్పుడల్లా మాకు ఒక స్త్రీ గుర్తుకు వస్తున్నది. ఆమె మరణించి మూడున్నర శతాబ్దాలు దాటినవి. ఫిలిం సిటీకి పోయే విజయవాడ రహదారి మీదనే, దానికి కొద్ది కిలోమీటర్ల ఇవతల, ఆమె పేరిట ఒక ఊరు ఉన్నది. అదే హయత్‌నగర్. ఆ ఊరిలో ఆమె కట్టించిన మసీదు, దాని చుట్టూ సరాయి ఉన్నవి. మన బస్సులు అటు వెళ్ళిన రోజులలో కూడా పిల్లలు పాటలు పాడుకొంటూ ఆ ఊరు దాటినారే గాని తల త్రిప్పి చూచినవారు లేరు. మేమూ వారిలో ఒకరమే.

హయాత్ బక్షీ అంటే జీవితాన్ని ప్రసాదించునది అని అర్థం. 1591లో హైదరాబాద్ నగరాన్ని స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె ఆమె. దక్కనీ ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి కవిగా ఆ సుల్తానును మన ఉర్దూ శాఖ విద్యార్థులు చదువుకొనే ఉన్నారు. ఆయనకు వంశం నిలిపే కుమారుడు లేడు. 1607లో తన తమ్ముని కుమారుడైన మహమ్మదుకు ఆమెనిచ్చి వివాహం చేసినారు. 1612లో మామగారి మరణానంతరం ఆ అల్లుడే సింహాసనమెక్కినాడు. ఆ విధంగా ఆమె సుల్తాను కుమార్తె, సుల్తాను భార్య అయినది. 1626లో భర్త పోయినప్పుడు కుమారుడు అబ్దుల్లాకు పన్నెండేండ్లు. గద్దె మీద కూర్చున్నది బాలుడు. వెనుక నుండి రాజ్యాన్ని నడిపినది తల్లి. ప్రజలు ఆమెను మా సాహెబా అన్నారు. నేటి హైదరాబాదులోని మాసాబ్ ట్యాంక్ ఆ పిలుపు అరిగిపోగా మిగిలిన రూపమేనని మన విద్యార్థులకు తెలియకపోవచ్చును.

ఆ తల్లిని గురించి హైదరాబాదులో తరతరాలుగా చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. బాలుడైన అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి, మావటిని లెక్కచేయక, అతనితో అడవిదారి పట్టినదట. బిడ్డ క్షేమంగా తిరిగి వస్తే ఏనుగు కాలి గొలుసంత బంగారు గొలుసు చేయించి హుసేనీ అలంకు సమర్పిస్తానని ఆమె మొక్కుకొన్నదట. బిడ్డ వచ్చినాడు, మొక్కు చెల్లినది. మొహర్రం నాళ్ళలో హైదరాబాదులో చిరకాలం సాగిన లంగర్ ఊరేగింపునకు ఇదే మూలమని చెప్పుకొంటారు. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని వాదించడం మా ఉద్దేశం కాదు. దారి తప్పిన బిడ్డ కోసం ఎదురుచూచిన తల్లిగా ప్రజలు ఆమెను గుర్తుంచుకొన్నారు. బాటసారుల కోసం సత్రం కట్టించినది కూడా ఆ తల్లియే.

ఆ సరాయి అక్కడనే ఎందుకు వెలసినదో తెలియవలెనంటే ఆనాటి దారిని తెలుసుకోవలెను. గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం మచిలీపట్నం. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అక్కడికి వచ్చి వర్తకం సాగించినారు. తీరం నుండి రాజధానికి, రాజధాని నుండి తీరానికి అద్దకపు గుడ్డలు, వజ్రాలు, ఇనుము, సుగంధద్రవ్యాలు ఎడ్లబండ్ల మీద, ఎద్దుల వీపుల మీద సాగినవి. ఇది అనేక దినాల ప్రయాణం. రాజధాని విడిచి తూర్పుగా పోయేవానికి మొదటి మజిలీ, రాజధానికి వచ్చేవానికి చివరి మజిలీ హయత్‌నగర్. వర్తకులే గాక మక్కాయాత్రకు ఓడ ఎక్కబోయేవారు, కొలువు కోసం సంసారంతో తరలిపోయేవారు కూడా ఈ దారినే నడిచినారు.

మసీదు ముఖభాగంలో ఐదు కమానులు, రెండు మినార్లు ఉన్నవి. దాని ముంగిట విశాలమైన ఆవరణ, ఆ ఆవరణకు చుట్టూ వరుసగా కమాను గదులు. అవి వందకు పైగా ఉన్నవి. ఈశాన్యంగా హాథీ బావి అనే పెద్ద దిగుడు బావి. పేరుకు తగ్గట్టు అది సామాన్యమైన బావి కాదు. నూరు గదుల జనానికి, వారి పశువులకు నీరందించవలసిన బావి. ఇందులో ప్రతి ఏర్పాటుకు ఒక ప్రయోజనం ఉన్నది. గదుల వెనుక గోడయే ఆవరణకు ప్రాకారం. ప్రతి గది ముఖం లోపలికే గాని బయటి దారికి కాదు. తల్లి గది ముందు వంట చేసుకొంటూ ఆవరణలో ఆడుకొనే పిల్లలను కనిపెట్టి ఉండవచ్చును. బండ్లు, పశువులు నడుమ ఉండును. నమాజుకు ప్రాకారం దాటి పోనక్కరలేదు.

ఆ కాలపు సరాయిలలో రాత్రి ఎట్లా గడిచేదో ఇటలీ యాత్రికుడు మనూచీ మొఘల్ రాజ్యంలోని సరాయిలను చూచి వివరంగా వ్రాసినాడు. సాయంకాలం కాగానే ద్వారాలు మూసి, ఎవరి సామానును వారు చూచుకొమ్మని కాపలావారు కేక వేసేవారు. తెల్లవారిన తర్వాత ద్వారం తెరవక ముందే మూడుసార్లు హెచ్చరిక చేసేవారు. ఎవరి వస్తువైనా పోయినట్లయితే అది దొరికేవరకు ద్వారం తెరిచేవారు కారు. ఈ ఒక్క నియమాన్ని నేటి వసతిగృహాలవారు పాటించినట్లయితే సామాను పోయినదనే ఫిర్యాదులు ఎన్ని మిగులునో చెప్పనక్కరలేదు.

ఇక్కడ మాకు దూరదేశపు ముచ్చట ఒకటి గుర్తుకు వస్తున్నది. అమెరికాలో మెంఫిస్ నగరానికి చెందిన కెమ్మన్స్ విల్సన్ అనే గృహనిర్మాణ వ్యాపారి 1951లో భార్యను, ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకొని వాషింగ్టన్ యాత్రకు పోయినాడు. దారిలోని బసలలో ఒక్కొక్క బిడ్డకు వేరుగా రెండేసి డాలర్లు అడిగినారు. ఆ కోపంతోనే 1952లో ఆయన పిల్లలకు అదనపు రుసుము లేని హాలిడే ఇన్‌ను స్థాపించినాడు. సంసారంతో దారి నడిచేవాని కష్టం వానికే తెలియునన్నమాట. గోల్కొండ రాణివాసపు స్త్రీకి ఆ కష్టం ఎట్లా తెలిసినదని మేము ఆలోచించినాము. ఆమె జీవితంలోని మరొక ఘట్టం చదివిన తర్వాత ఆ సందేహం కొంత తీరినది.

1636లో అబ్దుల్లా కుతుబ్ షా మొఘల్ చక్రవర్తి షాజహానుకు లోబడి, ఏటా 2 లక్షల హొన్నులు కప్పం చెల్లించుటకు ఒప్పుకొన్నాడు. ఆ కప్పం బకాయి పడినది. దానికితోడు గోల్కొండ వజీరు మీర్ జుమ్లా సుల్తానుతో చెడి మొఘలుల పక్షం చేరినాడు. అతని కుమారుని సుల్తాను బంధించుట దండయాత్రకు సాకు అయినది. 1656 జనవరిలో మొఘల్ సైన్యం హైదరాబాదులో ప్రవేశించినది. సుల్తాను నగరం విడిచి గోల్కొండ కోటలో తలదాచుకొన్నాడు. నగరం దోపిడికి గురియైనది. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించినాడు.

కోట లోపల సేనానులున్నారు, మంత్రులున్నారు. కాని శత్రువు శిబిరానికి పోయి సంధి మాట్లాడినది వృద్ధురాలైన మా సాహెబా. భర్త పోయి అప్పటికి ముప్పది ఏండ్లు. తన తండ్రి కట్టిన నగరం దోపిడియైపోగా, కొడుకు కోటలో చిక్కుకొని ఉండగా, ఆమె కోటద్వారం దాటి శత్రువుల డేరాల మధ్యకు నడిచినది. ఆ రాత్రి తనకు ఏ బస దొరకునో, తాను తిరిగి వచ్చునో లేదో ఆమెకు తెలిసి ఉండదు. షాజహాను నుండి ముట్టడి విరమించవలెనని ఆజ్ఞ రావడం కూడా సంధికి తోడ్పడినది. దానిని మరచి ఘనతయంతా ఆమెకే కట్టబెట్టడం న్యాయం కాదు. కాని ఆజ్ఞ ఢిల్లీ నుండి వచ్చినా ఎదుట కూర్చుండి బేరమాడవలసిన మనిషి ఒకరు కావలెను గదా.

సంధికి ఇచ్చిన వెల స్వల్పం కాదు. కోటి రూపాయల ధనం ఒప్పుకొనవలసి వచ్చినది. అబ్దుల్లా కుమార్తెను, అనగా ఆమె మనుమరాలిని, ఔరంగజేబు పెద్దకుమారుడు మహమ్మద్ సుల్తానుకిచ్చి వివాహం చేయవలసి వచ్చినది. రామగిరి ప్రాంతాన్ని వదలుకొనవలసి వచ్చినది. ఈ మూడవ షరతు మన జిల్లాల చరిత్రలో భాగం. మంథని వైపు పోయేటప్పుడు కనిపించే రామగిరి కోట, గోదావరి ఆవల చెన్నూరు సీమ ఆ సంధితోనే మొఘలులకు పోయినవి. కుతుబ్ షాహీల గద్దె మరి ముప్పది ఒక్క ఏండ్లు నిలుచుటకు మన గడ్డ ఇట్లా వెల కట్టినది. మన విద్యార్థులు రామగిరి కొండకు ఎన్నోసార్లు వనభోజనాలకు పోయినారు. ఈ సంగతి మేము వారికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

మనుమరాలిని ఇచ్చి రాజ్యాన్ని కాపాడుట మెచ్చదగిన పనియేనా అని ఒక విద్యార్థిని తరగతిలో మమ్ము నిలదీసినది. ఆ బాలిక ప్రశ్న న్యాయమైనది. సంధిపత్రంలో ఆ రాకుమార్తె ఇష్టానికి చోటు లేదు. మా సాహెబాను దేవతగా నిలిపి ఈ సంగతి దాచడం మాకు ఇష్టం లేదు. ఆమె తన కాలపు రాజనీతిలోనే మెలగినది. ఆ నీతి ఆడపిల్లల మీద మోపిన బరువును ఆమె కూడా మోపినది.

1667లో హయాత్ బక్షీ బేగం కన్నుమూసినది. ఐదేండ్లకు అబ్దుల్లా పోయినాడు. అతని అల్లుడు అబుల్ హసన్ తానాషా కాలంలో, 1687లో, గోల్కొండ మొఘలుల వశమైనది. ఆమె సమాధి గోల్కొండ కోట దగ్గర కుతుబ్ షాహీ సమాధుల తోటలో, సుల్తానుల సమాధులకు దీటైన ప్రమాణంతో ఉన్నది. 2013 నుండి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఆ తోటకు జీర్ణోద్ధరణ సాగించినవి. అక్కడికి పోయినవారు పెద్ద గుమ్మటాన్ని చూచి అది ఏ సుల్తానుదని అడుగుతుంటారు.

ఇక యాత్రాసంఘం పెద్దలకు మా విన్నపం. ఫిలిం సిటీ ఆవరణలో తార, సితార వంటి హోటళ్ళు ఉన్నవి. లోపల ఉండుట క్షేమమే గాని మన విద్యార్థుల చందాకు అందుబాటులో ఉండునా అన్నది లెక్క వేసి చూడవలెను. బయట హయత్‌నగర్, ఎల్బీనగర్ వైపు చవుక వసతులున్నవి. ఏది కుదుర్చుకొన్నా ముందుగా ఒక అధ్యాపకుడు, ఒక అధ్యాపకురాలు స్వయంగా పోయి చూచి రావలెను. అద్దె అడుగుటకు ముందు ద్వారం ఒకటా రెండా, రాత్రి దానిని మూసేవారెవరు, బాలికల గదులు ఒకే వరుసలో ఉండునా, నీరు తెల్లవారేవరకు వచ్చునా అని అడుగవలెను. ఫోనులో కుదుర్చుకొనే పద్ధతికి మేము ఇకమీదట సంతకం చేయబోము.

మరొక చిన్న సంగతి. ఇప్పుడు మన బస్సులు శామీర్‌పేట దగ్గర రింగు రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేటలో దిగుచున్నవి. అందువల్ల హయత్‌నగర్ దారిలోనే తగలదు. దిగిన తర్వాత ఫిలిం సిటీ వైపు కాక నగరం వైపు కొద్ది కిలోమీటర్లు వెనుకకు పోవలెను. డ్రైవరు సణుగును, పిల్లలు ఆలస్యమని గోల చేయుదురు. అరగంట చాలును. ఈసారి జాబితాలో పేరిచ్చిన బాలికలు పంతొమ్మిది మంది. వారిని ముందుగా దింపి హాథీ బావి వరకు నడిపించవలెనని మేము ఇప్పటికే డ్రైవరుతో మాట్లాడి ఉంచినాము.