పెన్షనరును కథానాయకుణ్ణి చేసిన డి సీకా

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నప్పుడు నాకు ఇటలీ సినిమా దర్శకులు విట్టోరియో డి సీకా గుర్తొచ్చారు. మనలాంటి రిటైర్డు ఉద్యోగి బతుకును సినిమాగా తీసిన మనిషి ఆయన.

డి సీకా 1901 జూలై 7న సోరా అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి ఉంబెర్తో బ్యాంకు ఉద్యోగి. కుటుంబానిది అంతంతమాత్రపు సంసారం. డి సీకా నాటకాల నుంచి సినిమాల్లోకి వచ్చి, 1930లలో అందాల హీరోగా పేరు సంపాదించారు. యుద్ధంలో దేశం చితికిపోవడం చూశాక ఆయన దారి మారింది. స్టూడియో సెట్టింగులు వదిలి, నిజమైన వీధుల్లో, మామూలు మనుషులతో సినిమాలు తీసే నియో రియలిజం బాట పట్టారు. ఆయనకు కుడిభుజం రచయిత చెజారె జవత్తీనీ.

1948లో వచ్చిన ‘బైసికిల్ థీవ్స్’ వారి కీర్తిని ప్రపంచమంతా చాటింది. సైకిలు ఉంటేనే ఉద్యోగం. ఆ సైకిలును దొంగలెత్తుకుపోతారు. అంతే కథ. హాలీవుడ్ హీరో కేరీ గ్రాంట్‌ను పెట్టుకుంటే పెట్టుబడి ఇస్తామన్నా డి సీకా ఒప్పుకోలేదు. ఒక ఫ్యాక్టరీ కార్మికునికి ఆ వేషం ఇచ్చారు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శించారు. మరుసటి ఏడే బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ వచ్చింది.

1951 నాటి ‘మిరాకిల్ ఇన్ మిలాన్’లో పారిశ్రామిక నగరం అంచున గుడిసెలు వేసుకున్న పేదలున్నారు. ఆ నేలలో చమురు పడగానే వాళ్లను వెళ్లగొట్టాలని చూస్తాడు ధనవంతుడు. మా హొళగుంద వైపు నుంచి మూటాముల్లె కట్టుకుని సుగ్గికి పోయేవాళ్లు, ఆదోని జిన్నింగు మిల్లుల్లో కూలి వెతుక్కునేవాళ్లు నాకు ఆ గుడిసెల్లో కనిపించారు.

ఇక 1952లో తీసిన ‘ఉంబెర్తో డి’ని డి సీకా తన తండ్రికి అంకితమిచ్చారు. పెన్షన్ పెంచమని వృద్ధులు చేసే ఊరేగింపుతో అది మొదలవుతుంది. ముసలాయనకు వచ్చే పెన్షన్ గది అద్దెకు చాలదు. తోడు ఒక కుక్కపిల్ల. గత్యంతరం లేక వీధిలో చెయ్యి చాస్తాడు. తీరా ఒకాయన డబ్బు వెయ్యబోతే, వాన పడుతోందా అని చూస్తున్నట్టు చేతిని బోర్లిస్తాడు. ఉద్యోగం చేసి బతికినవాడి అభిమానం అంతా ఆ ఒక్క కదలికలో ఉంది. ఆ వేషం వేసినది నటుడు కాదు, కార్లో బత్తిస్తి అనే ప్రొఫెసరు. దేశం పరువు తీస్తున్నారని ప్రభుత్వంలోని పెద్దలు విమర్శించారు. సినిమాకు డబ్బులూ రాలేదు.

తర్వాత కూడా డి సీకా ఎన్నో చిత్రాలు తీశారు, నటించారు. మొత్తం నాలుగు సార్లు ఆయన చిత్రాలకు ఆస్కార్ గౌరవం దక్కింది. 1974 నవంబరు 13న పారిస్ దగ్గర కన్నుమూశారు.

పెన్షన్ యజమాని దయాభిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని నకారా కేసులో మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పునిచ్చింది. ఆ తేదీనే మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. అదే మాటను ముప్పై ఏళ్ల ముందే ఒక ముసలాయన చేతిని బోర్లించి చూపించిన డి సీకాను కూడా ఆ రోజున ఒక్కసారి తలుచుకుందాం.