రాజా బహదూర్ వెంకటరామారెడ్డి - చదువుల తలుపు తీసిన కొత్వాలు

మన సంఘం వార్షిక సంచికలో పెద్దల జీవితాలను గూర్చి వ్రాయుట ఆనవాయితీ. ఈసారి మేము మన మతస్థుడు కాని ఒక పెద్దమనిషిని గూర్చి వ్రాయదలచినాము. ఎందుకని కొందరు సోదరులు అడుగవచ్చును. ఆయన మన వనపర్తి మట్టిలో పుట్టినవారు. ఉర్దూ, ఫారసీ నేర్చి ఉర్దూ రాజ్యంలో పైకి వచ్చినవారు. అన్నిటికన్నా ముఖ్యంగా, పల్లె పిల్లవాడు పెద్ద చదువు దాకా పోవాలంటే ఏమి కావాలో చేసి చూపించినవారు.

వెంకటరామారెడ్డి గారు 1869 ఆగస్టు 22వ తేదీన వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో జన్మించినారు. ఆ రోజులలో మన ప్రాంతంలో చదువు అంటే వీధి బడి, లేకుంటే మౌల్వీ సాహెబు దగ్గర పాఠం. బి.ఏ., ఎం.ఏ.ల మాట ఊళ్ళలో ఎరిగినవారే లేరు. ఆయనకు కూడా పెద్ద డిగ్రీలు లేవు. కాని మాతృభాష తెలుగుకు తోడు ఉర్దూ, ఫారసీ, కన్నడం, మరాఠీ భాషలు పట్టుదలగా నేర్చుకున్నారు. చిన్న వయసులోనే పోలీసు శాఖలో అమీనుగా చేరి, జిల్లాలలో పని చేస్తూ మెట్టు మెట్టుగా పైకెక్కినారు.

1920లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనను హైదరాబాదు నగర కొత్వాలుగా నియమించినారు. కొత్వాలు అంటే నగర పోలీసుకు పెద్ద అధికారి. హిందువులలో ఆ పదవి పొందిన మొదటివారు ఆయనే. 1934 వరకు, అంటే 14 సంవత్సరాలు, ఆ పదవిలో ఉన్నారు. మొహర్రం జులూసు అయినా, దసరా పండుగ అయినా శాంతిగా జరిపించే భారం ఆయనదే. పాలకుని మతం వేరు, కొత్వాలు మతం వేరు. అయినా నమ్మకం చెదరలేదు. పనిమంతునికి మతం అడ్డురాదని ఈ ఒక్క నియామకమే చెప్తుంది.

అయితే మేము ఇక్కడ చెప్పదలచినది పోలీసు గొప్పతనం కాదు, చదువు ముచ్చట.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించిన ఆ విద్యాపీఠం మా వంటి ఉర్దూ ఉపాధ్యాయులకు ఇప్పటికీ గర్వకారణమే. కాని న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాజ్యంలో సగానికి దగ్గరగా జనం మాట్లాడేది తెలుగు. నాలుగో వంతు మరాఠీ. ఉర్దూ మాట్లాడేవారు పది పన్నెండు శాతమే. గద్వాల, నాగర్‌కర్నూల్ పల్లెలలోని తెలుగు పిల్లవానికి ఆ తలుపు కండ్లకు కనబడుతుండె గాని చేతికి అందకపోయె. మొదటి అడ్డు భాష. రెండవది, పట్నంలో తల దాచుకునే చోటు లేకపోవుట. ఎరిగినవారు లేని ఊరిలో తిండి ఎక్కడ, పడక ఎక్కడ?

ఈ రెండవ అడ్డును వెంకటరామారెడ్డి గారు సరిగ్గా పట్టుకున్నారు. అదే 1918లో, తోటి పెద్దలను కూడగట్టి హైదరాబాదులో రెడ్డి హాస్టలు స్థాపించినారు. అన్నం, పడక, పుస్తకాలు, అడిగేవారు ఒక పెద్ద - ఇవి దొరికితే పల్లె పిల్లవాడు ఎవరికీ తీసిపోడని ఆ హాస్టలు నిరూపించింది. మన గద్వాల వైపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి కార్యదర్శిగా పని చేసినారు. ఆయనే 1939లో రాజా బహదూర్ జీవితచరిత్రను వ్రాసినారు. ఆ హాస్టలులో ఉండి చదివిన రావి నారాయణరెడ్డి గారు తరువాత నిజాం ప్రభుత్వాన్నే ఎదిరించిన పోరాటానికి నాయకుడైనారు. నిజాం కొత్వాలు పెట్టిన హాస్టలు నుండి అటువంటి మనిషి వచ్చినాడంటే, చదువు మనిషిని స్వతంత్రుని చేస్తుందనుటకు వేరే సాక్ష్యం అక్కర లేదు.

ఆడపిల్లల చదువు విషయంలో కూడా ఆయన వెనుకాడలేదు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల స్థాపించినారు. తెలుగులో చదువు చెప్తున్నారని ఉస్మానియా విశ్వవిద్యాలయం దానికి గుర్తింపు ఇవ్వలేదు. అందుచేత ఆ బాలికలు, కార్వే పండితుడు పూనాలో 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చోవలసి వచ్చింది. ఇంటి ముందరి తలుపు మూసి ఉంటే పక్క రాజ్యపు తలుపు తట్టినారన్న మాట. ప్రభుత్వంలో అంత పెద్ద ఉద్యోగంలో ఉండి కూడా వెంకటరామారెడ్డి గారు ఆ పాఠశాలకు అండగా నిలిచినారు.

లోటు కూడా చెప్పుకోవాలి. ఆయన పెట్టిన హాస్టలు ఒక కులం పేరు మీద వెలసింది. భూమి, పలుకుబడి ఉన్నవారు తమ పిల్లలకు దారి వేసుకున్నారు. అవి రెండూ లేని దళితుల పిల్లలకు భాగ్యరెడ్డి వర్మ గారు వేరుగా బడులు నడపవలసి వచ్చింది. తరువాత వైశ్యులు, మున్నూరు కాపులు, గౌడులు కూడా తమ తమ హాస్టళ్ళు పెట్టుకున్నారు. ఎవరికి వారు తలుపు తీసుకొనుట మంచిదే. కాని తలుపు అందరికీ ఒక్కటే అయినప్పుడే అది సమానత్వం.

రాజా బహదూర్ గారు 1953 జనవరి 25న కన్నుమూసినారు. మరుసటి సంవత్సరం, 1954లో, ఆయన పేరిట నారాయణగూడలో మహిళా కళాశాల వెలసింది. తెలంగాణ పోలీసు అకాడమీకి కూడా ఆయన పేరే పెట్టినారు.

ఇక మన సంగతికి వద్దాము. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. నాడు తెలుగు పిల్లవాడు నిలబడిన చోట నేడు మన ఉర్దూ మీడియం పిల్లవాడు నిలబడినాడు. మా బడిలో పదవ తరగతి దాకా తెలివిగా చదివిన పిల్లలు ఆ తరువాత ఏమైనారని వెదికితే, మెకానిక్ షాపులో కనబడుతరు, పండ్ల బండి దగ్గర కనబడుతరు. ఆడపిల్లలైతే అసలు కనబడనే కనబడరు. వారికి బుద్ధి తక్కువని కాదు. ఎటు పోవాలో చెప్పేవారు లేరు, పోతే ఉండే చోటు లేదు.

దారులు మాత్రం ఉన్నవి. హైదరాబాదులో 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చదువు ఉర్దూలోనే సాగుతుంది. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయానికి గద్వాలలో, వనపర్తిలో పీజీ కేంద్రాలున్నవి. 2007 నుండి మనలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ అమలులో ఉన్నది. సర్టిఫికెట్ కొరకు ఆఖరు రోజున ఉరుకుట మానుకుంటే ఎన్నో సీట్లు మనకు దక్కును.

కావున సభ్యులకు మా మనవి ఒక్కటే. పెళ్ళి దావతులో ఒక్క రకం వంట తగ్గించి, ఆ పైకంతో పట్నంలో నాలుగు గదుల ఇల్లు కిరాయికి తీసుకుందాము. రెండు గదులు మగపిల్లలకు, వేరే వాకిలితో రెండు గదులు ఆడపిల్లలకు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుండి వచ్చే పేద పిల్లలు అక్కడ ఉండి చదువుకుంటరు. అయితే ఆ ఇంటి గడప మీద మన జమాత్ పేరు వ్రాసి మిగతావారికి తలుపు వేయవద్దు. పొరుగింటి దళిత పిల్లవానికి చోటు లేకుంటే వానికి కూడా ఒక చాప వేద్దాము. వెంకటరామారెడ్డి గారి పని నుండి నేర్చుకోవలసినది ఇది. ఆయన విడిచిపెట్టిన దాన్ని పూర్తి చేయవలసినదీ ఇదే.