పోయిన రుచిని తిరిగి తెచ్చిన సుబ్బారావు

మన ఆష్టి ప్రక్కగా పారు వైనగంగ ప్రాణహితయై, సిరొంచ యొద్ద గోదావరిలో కలియును. ఆ నీరే కడకు పశ్చిమ గోదావరి కాలువలకు చేరును. ఆ కాలువల నడుమ నున్న భీమవరమున 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. పెక్కు మందులతో ముడివడిన ఈ వైద్యుని గూర్చి మేము నాలుకను ఆధారముగా చేసికొని చెప్పదలచితిమి.

చదువు ఆయనకు సులభముగా అబ్బలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులో నెగ్గెను. వైద్య కళాశాలలో శస్త్రచికిత్స వేళ ఖద్దరు ధరించినందులకు ఆంగ్ల ఆచార్యునికి ఆగ్రహము కలిగెను; ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. వీనికంటె పెద్ద దెబ్బ ఇంట తగిలినది. ఎనిమిది దినముల వ్యవధిలో ఇద్దరు సోదరులు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. తానును దాని బారినపడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికెను.

స్ప్రూ పేగుల వ్యాధి. తిన్నది ఒంటబట్టదు, విరేచనములు ఆగవు, రక్తము క్షీణించును. అయితే దాని గుర్తు నాలుకపైనను కనబడును. అద్దమున చూచుకొనిన నాలుకపై చిన్న బొడిపెలు అగపడును. వానిలో పెక్కింట రుచిమొగ్గలు కలవు. ఆహారము లాలాజలమున కరిగి మొగ్గలోనికి చేరగా, అందలి కణములు నరముల ద్వారా మెదడునకు వార్త పంపును. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసము వంటివాని కమ్మదనము – ఈ అయిదింటిని అవి గుర్తించును. ఉగాది పచ్చడి తిను మనకు వింతయే గాని, కారము రుచి కాదు, మంట! నాలుక కొనయందు తీపి, వెనుక చేదు అని విభజించి చూపు పాత పటము కూడ సరికాదు. అన్ని రుచులును అన్ని మొగ్గలున్న చోటులందును తెలియును.

ఈ కణములలో పెక్కు సుమారు పది దినములకే నశించి క్రొత్తవి పుట్టుచుండును. క్రొత్త కణము పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది లోపించిన బొడిపెలు అరిగి, నాలుక నున్నగా, ఎర్రగా, పుండువలె మండును. రోగి అన్నము ముట్టలేడు. ముట్టకున్న మరింత క్షీణించును. సుబ్బారావు సోదరులను బలిగొన్న వ్యాధి ఇట్టిది.

1922లో ఆయన బోస్టన్ చేరెను. ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేయుచు చదివెను. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరము కొలుచు పద్ధతి నేటికిని వారి పేర్లతోనే ప్రసిద్ధము. 1940లో లెడర్లీ సంస్థలో చేరెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థమును తీసి, లాటిన్‌లో ఆకు అను అర్థము వచ్చునట్లు ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. బస్తాలకొలది ఆకునుండి వచ్చునది అణుమాత్రము, రోగులకు చాలునా? 1945లో సుబ్బారావు బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేసెను. మరుసటి యేడు క్యూబాలో టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని స్ప్రూ రోగులకిచ్చెను. కొలది దినములలోనే నాలుక పుండ్లు మాని, ఆకలి తిరిగి పుట్టెను. నేడు దీనికి తోడుగా టెట్రాసైక్లిన్ జాతి మందునిత్తురు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినదియు లెడర్లీ నుండియే.

ఆ ఆమ్లము మన తోటకూరలో, బచ్చలిలో, పెసలలో, శనగలలోనే కలదు. ఆకును మితిమీరి ఉడికించి నీరు పారబోసిన తల్లి దానిని చాలవరకు పారబోసినట్లే.

1922లో విడిచిన స్వదేశమును సుబ్బారావు మరల చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ నందు గుండెపోటుచే మరణించెను.