దర్శకుడు కె. వి. రెడ్డి

పూర్వము నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో కోతలు ముగిసిన పిమ్మట భాగవతులు పల్లెలకు వచ్చి, తెల్లవారువరకు పురాణకథలను ఆడుచుండిరి. తెలుగువారికి మిక్కిలి ప్రియమైన అట్టి ఆటకథలలో శశిరేఖ పెండ్లి యొకటి. ఇది వ్యాసభారతమున లేదు. బలరాముని కూతురు శశిరేఖను అభిమన్యునకు ఇత్తుమని పెద్దలు మాట యిచ్చిరి. పాండవులు రాజ్యమును గోల్పోగానే ఆ మాట తప్పి, దుర్యోధనుని కుమారుడగు లక్ష్మణకుమారునితో సంబంధము నిశ్చయించిరి. అప్పుడు ఘటోత్కచుడు మాయచే శశిరేఖ రూపు దాల్చి పెండ్లివారిని నవ్వులపాలు చేసెను. ఈ పాతకథనే 'మాయాబజారు' అను చలనచిత్రముగా తీర్చి, గుడారపు టాకీసులలో నేలపై గూర్చున్న పల్లెజనులను సైతము కడుపుబ్బ నవ్వించినవారు కదిరి వెంకటరెడ్డిగారు.

రెడ్డిగారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. మద్రాసులో పట్టము పుచ్చుకొనిరి. చలనచిత్రరంగమున వారికి మొదట లభించినది క్యాషియరు పని. పిదప వాహినీ సంస్థలో చిత్రనిర్మాణ వ్యవహారములను చక్కబెట్టిరి. ఏ దృశ్యమునకు ఎంత వ్యయమగునో, ఒక పూట పని నిలిచిన ఎంత నష్టము కలుగునో వారికి చిట్టాపుస్తకమే నేర్పెను. ఏ కళాశాలయు నేర్పని విద్య యిది! తుదకు మిత్రులు మూలా నారాయణస్వామిగారి ప్రోద్బలమున 1942లో 'భక్త పోతన'కు దర్శకులైరి. 'యోగి వేమన', 'గుణసుందరి కథ', 'పాతాళభైరవి' మొదలగునవి ఒకదాని వెంట ఒకటి వచ్చి వారికి గొప్ప పేరు తెచ్చినవి.

దర్శకుడైన పిమ్మటను ఆయన లెక్క మానలేదు. కథ పూర్తిగా వ్రాసి ముగించినగాని చిత్రీకరణకు పూనుకొనెడివారు కారు. నటులచే మాటలు చెప్పించి, స్టాప్ వాచి చేతబట్టి, ఏ దృశ్యము ఎన్ని నిమిషములు పట్టునో ముందే గుర్తించుకొనెడివారు. తీసిన పిమ్మట కత్తిరించి పారవేయుట ఆయన దృష్టిలో ధనమును పారవేయుటయే. హాస్యమునకు ఈ కొలత ఎట్లు పొసగునని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని నవ్వు పుట్టించు మాట ఒక్క క్షణము ఆలస్యముగా వచ్చినను అది చప్పబడిపోవును గదా!

విజయా సంస్థ అధిపతులగు నాగిరెడ్డి, చక్రపాణిగారలు 'మాయాబజారు'ను తలపెట్టినప్పుడు పని సామాన్యమైనది కాదు. దానిని తెలుగున, తమిళమున ఏకకాలమున తీయవలెను. ద్వారకను కట్టవలెను, మాయలను చూపవలెను. అన్నింటికంటె ముందు శ్రీకృష్ణుడు కావలెను. రెడ్డిగారు ఆ పాత్రకు నందమూరి తారక రామారావుగారిని కోరగా వారు వెనుకాడిరి. 'సొంత ఊరు' చిత్రమున తాము కృష్ణవేషముతో కొద్దిసేపు కనిపించినప్పుడు ప్రేక్షకులు మెచ్చకపోవుటయే అందులకు కారణము. ఒకసారి దెబ్బతిన్న నటునికే తిరిగి అదే కిరీటము పెట్టుట సాహసమే. చిత్రము చెడిన అపకీర్తి దర్శకునిదే యగును. అయినను రెడ్డిగారు పట్టు విడువక వారిని ఒప్పించి, వేషమునందు, నడకయందు, చిరునవ్వునందు ప్రత్యేకశ్రద్ధ వహించిరి.

పింగళి నాగేంద్రరావుగారు మాటలు, పాటలు వ్రాసిరి. రాక్షసుల నోట వారు పలికించిన వింతపదములు నేటికిని తెలుగుదేశమున మాటలాడుకొనబడుచున్నవి. చిత్రమేమనగా, పాండవుల కొరకై నడచు ఈ కథలో పాండవు లొక్కసారియు కానరారు. ఆ లోపమును ప్రేక్షకులు గమనింపనైన గమనింపరు!

సంగీతమునకు ఆటంకము వచ్చెను. సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని పాటలకు వరుసలు కట్టి తప్పుకొనగా, తక్కిన భారమును ఘంటసాల వెంకటేశ్వరరావుగారు వహించిరి. ఇరువురి చేతిపని యైనను అతుకు తెలియదు. మాధవపెద్ది గోఖలే, కళాధరుగార్ల పర్యవేక్షణమున సుమారు 300 బొమ్మయిండ్లతో ద్వారకానగరము వెలసెను. నౌకావిహారపు పాటలో కాయు వెన్నెల నిజమైన వెన్నెల కాదు. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారు వెలుగునీడలచే కల్పించినది.

ఘటోత్కచుడు శశిరేఖ రూపమున నున్న ఘట్టము చిత్రమునకు ప్రాణము. తెరపై నున్నది సావిత్రిగారే. నడకయు, మీసము దువ్వబోయినట్టి చేతివిసురును ఘటోత్కచ పాత్రధారి యస్. వి. రంగారావుగారివి. సుకుమారి యగు కన్య మగరాక్షసుని వలె హుంకరించి, ఎవరైన చూచినంతనే తలవంచి సిగ్గుపడును. పెండ్లికుమారుడు రేలంగిగారి బెదురుచూపులు దీనికి తోడు. కొంచెము హెచ్చిన వెకిలియగును, కొంచెము తగ్గిన నవ్వు రాదు. రెడ్డిగారి కొలత ఇచటనే అక్కరకు వచ్చెను.

1957 మార్చి 27వ తేదీన తెలుగు చిత్రము విడుదలయ్యెను. జనము విరుగబడి చూచిరి. రామారావుగారిని అటుపిమ్మట తెలుగువారు శ్రీకృష్ణుడనిన మరియొకరిని తలంపనేరనంతగా ఆదరించిరి. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది తిరిగి ప్రదర్శించిరి. రెడ్డిగారి మనుమల యీడువారు గూడ టిక్కెట్లు కొని చూచిరి.

రెడ్డిగారికి అన్ని దినములును ఒక్కరీతిగా సాగలేదు. 'జగదేకవీరుని కథ' (1961) వంటి విజయముల పిమ్మట 1968లో వచ్చిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ప్రజల కింపుగాలేదు. అంతటి దర్శకునికిని అవకాశములు సన్నగిల్లెను. 1971లో ఆయన 'శ్రీకృష్ణసత్య' చిత్రమును తీసిరి. ఆ చిత్రమునను శ్రీకృష్ణుడు రామారావుగారే. పూర్వము వెనుకాడిన నటుడు ఇప్పుడు ఆ కిరీటమును అలవోకగా ధరించి, వృద్ధదర్శకుని యెదుట నిలిచెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన రెడ్డిగారు కాలధర్మము నొందిరి.