మెదడు గీసిన గీతలు: హాన్స్ బెర్గర్ జీవితం

హాన్స్ బెర్గర్ 1873 మే 21న జర్మనీలోని కోబుర్గ్ పట్టణం చెంత నాయిసెస్ గ్రామంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. మాతామహుడు ఫ్రీడ్రిష్ ర్యూకెర్ట్ మన నలదమయంతుల కథను జర్మను పద్యాలలోనికి తెచ్చిన కవి. మనుమడికి మాత్రం ఖగోళశాస్త్రంపై మక్కువ. యేనా విశ్వవిద్యాలయంలో చేరినా, త్వరలోనే చదువు విడిచి సైనిక శిక్షణకు వెళ్ళాడు.

అక్కడ ఒకనాడు గుర్రం బెదిరి ఆయనను ఫిరంగి బండి దారిలో పడవేసింది. బండి ఆఖరి క్షణంలో ఆగింది. ఆ సాయంకాలమే కొడుకు క్షేమం అడుగుతూ తండ్రి తంతి వచ్చింది. తమ్మునికి ఆపద కలిగిందని దూరాన ఉన్న అక్క మనసుకు తోచిందట! మనోభావం దేహాన్ని దాటి ప్రయాణించగలదని బెర్గర్ నమ్మాడు. ఆ నమ్మకం నేటికీ రుజువు కాలేదు. అయితే ఆయనను వైద్యవిద్యకు మళ్ళించినది అదే.

1897లో యేనా మానసిక చికిత్సాలయంలో చేరి, 1919లో దానికి అధిపతి అయ్యాడు. మెదడులోని రక్తప్రసారాన్ని, ఉష్ణోగ్రతను ఏళ్ళ తరబడి కొలిచినా ఫలితం స్వల్పమే. జంతువుల మెదడులో విద్యుత్తు ఉన్నదని ఇంగ్లండులో రిచర్డ్ కాటన్ 1875లోనే చూపాడు. మనిషి మెదడులో దానిని పట్టుకోవడం బెర్గర్‌కు 1924లో సాధ్యమైంది. శస్త్రచికిత్సలో కపాలాస్థి కొంత తొలగించిన 17 ఏళ్ళ యువకుని తలపై ఆ ప్రయోగం జరిగింది. వోల్టులో లక్షల వంతులలో కొలవవలసిన ఆ స్వల్ప విద్యుత్తుకు గాల్వనోమీటరు స్పందించగా, కాంతిరేఖ కదిలే ఫోటో కాగితంపై గీత గీసింది.

అది గుండె చప్పుడో, కండరాల కదలికో కాదని తేల్చుకోవడానికి ఆయన ఐదేళ్ళు తీసుకున్నాడు. సొంత కుమారుని తలపై కూడా పరీక్షలు జరిపి, 1929లో ప్రకటించాడు. కన్నులు మూసి విశ్రమించినపుడు సెకనుకు పది చొప్పున పెద్ద అలలు కనిపించాయి. కన్నులు తెరిచినా, లెక్క చేయమన్నా అవి అణగి, చిన్నచిన్న వేగపు అలలు వచ్చాయి. తలపై నుంచి ఒక్క కణం సవ్వడి అందదు. అసంఖ్యాక కణాలు ఒకే తాళంలో నడిచినపుడే పెద్ద అల లేస్తుంది. మనసు పనిలో పడితే ఆ తాళం చెదురుతుంది.

స్వదేశంలో పెక్కుమంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ పరీక్షించి నిజమని చాటారు. మరుసటి ఏడు అమెరికా వైద్యులు మూర్ఛరోగుల ప్రత్యేక అలలను గుర్తించడంతో ఆ గీత రోగులకు అక్కరకు వచ్చింది.

1938లో పదవి విరమించిన బెర్గర్, తీవ్ర విషాదరోగంతో 1941 జూన్ 1న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన నాజీల బాధితుడని చాలాకాలం వ్రాశారు. తరువాత వెలికి వచ్చిన పత్రాలు వేరే కథ చెప్పాయి. వంశపారంపర్య రోగులని ముద్ర వేసి మనుషులను బలవంతంగా సంతానహీనులను చేసిన న్యాయస్థానంలో ఆయన సభ్యునిగా కూర్చున్నాడు.